బడి నేల కింద ఓడ

ఒకటో దళం వీధి, సోమవారం

రెండో దళానికి పెద్ద, అమ్మకి అన్న, నాకు మేనమామ అయిన క్వామెనా మావయ్యకి ఎబో నమస్కారాలు.

తాతలనాటి నుంచీ వీధికో దళం కట్టి కొట్టుకుంటున్నాం, మా కుర్రాళ్లు మీ వీధిలో అడుగుపెడితే కాళ్లు విరగ్గొడతామని మీవాళ్లన్నారు కనుక, అమ్మ రెండు వీధుల్లోనూ మొక్కజొన్న కెంకే ముద్దలమ్మే బుట్టలో ఈ ఉత్తరం పంపుతున్నాను. ఒడ్డున కట్టిన బడికి గోడలున్నాయి, కప్పుంది, నేల లేదు. మూడు వారాల్లో వానలు. పోయినేడు పిల్లలు మోకాలిలోతు నీళ్లలో నిలబడి ఎక్కాలు చదివారు. కంకర దొరికే కొండ ఎక్కడో దూరాన ఉంది. మీ గుడి మీది కాంక్రీటు ఓడ పగలగొట్టి కొత్తది కట్టారుగా, ఆ పాత ముక్కలివ్వండి. సుత్తులతో కొట్టి, ఇనుము ఏరి, జల్లించి, కడిగి, కొత్త కాంక్రీటులో కంకరగా వేస్తాం. పాత కాంక్రీటుని మళ్లీ వాడటం గురించి ఒక కరపత్రంలో చదివాను. రాయికి దళం లేదు మావయ్యా!

కలలో ఆ ఓడ మెల్లగా వచ్చి బడి కింద లంగరేసింది. పిల్లలు కిటికీల్లోంచి చేపల్ని చూస్తున్నారు.

భావి ప్రపంచ పౌరుడు,
ఎబో

తా.క. కెంకే తిన్నాక ఆకు పారేసి ఉత్తరం ఉంచుకోండి. కిందటిసారి తారుమారు చేశారు.

*

రెండో దళం గుడి, మంగళవారం

అల్లుడు ఎబోకి ఆశీస్సులు.

మా ఓడని నేలగా పరిచి మీవాళ్లు రోజూ తొక్కుతారా? ఇన్నేళ్లుగా మీ జెండాల మీద కుట్టిన వెక్కిరింతలన్నీ కలిపినా ఇంత అవమానం కాదు. కావాలంటే గుమ్మం మీద దూలంగా పోసుకో. దాని కింద మీవాళ్లు తల వంచుకుని నడవాలి.

నాకూ కలొచ్చింది. ఓడ ఏడుస్తోంది.

నీ మేలు కోరే,
క్వామెనా ఎసిల్ఫీ

తా.క. నీ కరపత్రం చివరి పేజీలో మీ అమ్మ నాకు వేయించిన చేపలు చుట్టి పంపింది. చదివాను. 'ఓపిక ముఖ్యం' అనుంది.

*

బుధవారం

మొండి మావయ్యకి నమస్కారాలు.

దూలంలో ఇనప కడ్డీలుంటాయి. ముప్పై ఏళ్లు సముద్రగాలి పీల్చిన మీ ఓడ నిండా ఉప్పే. ఉప్పు కడ్డీల్ని తినేస్తుంది, దూలం పిల్లల నెత్తిన పడుతుంది. కడ్డీల్లేని నేలకైతే బాధ లేదు. పైగా దూలం మాట విని మా దళపతి యుద్ధం డప్పులు ఎండలో పెట్టించాడు. మీ పిల్లలు కూడా అదే నేల మీద కూర్చుంటారు! ఈ దళాలన్నీ రద్దు కావాలి. ముందు మీది. ఒక్క బుట్ట ముక్కలివ్వండి, కొట్టి చూపిస్తాను.

ఓపిక నశించిన,
ఎబో

తా.క. ఆ పేజీ వెంటనే తిరిగి పంపండి. అలా రాసుండదు.

*

గురువారం

నోరు పెద్ద అల్లుడికి ఆశీస్సులు.

మా పిల్లలే మా ఓడని తొక్కడం ఇంకా ఘోరం. శనివారం ముక్కలన్నీ సముద్రంలో పడేయాలని దళం తీర్మానించింది. మీ అమ్మ నస పడలేక ఒక్క బుట్ట తీసుకోనిచ్చాను.

ఇంతే సంగతులు,
క్వామెనా

తా.క. పేజీ పంపను. దాన్ని మళ్లీ చదవాలి.

*

శుక్రవారం, పొద్దున

మావయ్యకి, సుత్తి ఇంకా కింద పెట్టకుండానే.

రెండో దెబ్బకే ముక్క విడిపోయింది. పాత కాంక్రీటు లోపల ఇంకా పాత కాంక్రీటు! పసుపు రంగు, మధ్యలో నల్లటి గుడ్డు. అది కన్ను. నన్ను చూసింది. సముద్రం చప్పుడు ఆగిపోయినట్టయింది. మా దళం గుడి మీది పసుపు సింహం నేను పుట్టకముందే సముద్రంలోకి నడిచి వెళ్లిపోయిందని మేం పాడుకుంటాం. అది మీ ఓడ కడుపులో ఏం చేస్తోంది? రేపు రెండు దళాల ముందూ నిలబడి అడుగుతాను. సత్యం దాచనని కరపత్రం మీద ఒట్టేశాను!

నిప్పులాంటి,
ఎబో

తా.క. అమ్మకి చూపిస్తే కెవ్వుమంటుందనుకున్నా. "కడిగి ఇలా ఇయ్యి, కంట్లో దుమ్ము పడుతుంది" అంది.

*

శుక్రవారం, మధ్యాహ్నం

నా బంగారు అల్లుడికి, వెయ్యేళ్లు వర్ధిల్లమని దీవెనలు.

నడిచి వెళ్లలేదురా. అలలకి కూలిపోయింది. మీవాళ్లు సిగ్గుపడి పాట కట్టారు. అప్పుడు నాకు నీ వయసు. మా ఓడకి కంకర చాల్లేదు. ఒడ్డున పడున్న సింహాన్ని ఏరి, కొట్టి, కలిపేశాను. ఇన్నేళ్లూ మావాళ్లు సారా పోసి మొక్కింది మీ సింహానికే. బయటపడితే రెండు దళాలూ ఒక్కటైపోతాయి, నన్ను తన్నడానికి.

ఆనాడు బుట్టలు మోసింది మీ అమ్మ. నిన్న అదే ముక్క ఎందుకేరావే అని ఇందాక అడిగితే, "ఆ కన్ను కొట్టబుద్ధి కాక ఓడ ముక్కులో పెట్టింది నేనేగా అన్నయ్యా. ఈ వానల్లో పిల్లలు తడవకూడదు" అంది.

అన్నీ పట్టుకుపో. ఓడే కలలోకొచ్చి బడికి పోతానందని దళానికి చెప్పాను. నమ్మారు. చెబుతూ చెబుతూ నేనూ నమ్మేశాను. సింహం ఎవరి కంటా పడకుండా పెద్ద ముక్కలు మాత్రం నువ్వూ మీ అమ్మే కొట్టండి.

నీ చేతిలో ఉన్న,
క్వామెనా మావయ్య

తా.క. ఆ కన్ను పగలగొట్టకు. చిన్నపిల్లలు కూర్చునే మూల, నేలలో పైకి చూసేలా పెట్టు. ఎవరిదని అడిగితే చేపదని చెప్పు.