వదిన లేని ఏడాది మురుక్కాలవ

కాలవలో గుర్రపుడెక్క తీయకుండా ఆకాశం వైపు చేతులెత్తితే దేవుడు వింటాడా వదినా?

నువ్వు పోయి రేపటికి ఏడాది. బతికున్నప్పుడు ప్రతి ఎండాకాలం వీధి వీధీ తిరిగి, జనాన్ని లేపుకొచ్చి మన కొలకలూరు మురుక్కాలవ బాగు చేయించేదానివి. "ప్రార్థన నువ్వు చెయ్యి మరిదీ, కొడవలి నేను పడతా" అని నవ్వేదానివి. ఈ ఏడు పిలిచే మనిషి లేదు, మేమెవరమూ దిగలేదు.

వానలు కూడా మునుపట్లా లేవు. నెలంతా పడాల్సింది మొన్న ఒక్క పూటలో కురిసింది. నీళ్ళు పోయే దారి లేక, పాలు పోసుకుంటున్న నీ వరిచేను మునిగింది. నీళ్ళు ఇంకో రెండు రోజులు నిలిస్తే అంతా గింజ లేని తాలే. అన్నయ్య గట్టు మీద కూర్చుని, "అది ఉండుంటే మనందర్నీ తిట్టిపోసేదిరా" అన్నాడు.

ఈ ఉదయం చర్చిలో ఆరాధన నడిపిస్తూ నేను వాక్యం తెరిస్తే, జలప్రళయం రాకముందే, ఎండ కాస్తుండగానే ఓడ కట్టుకున్నాయన కథ వచ్చింది. చదవకుండానే గ్రంథం మూసేశాను.

"ఏంటండీ, కానుకలు పట్టకుండానే ముగించేస్తున్నారా?" అంది వెనక నుంచి ఓ పెద్దమ్మ.

"ముగించలేదమ్మా. మళ్ళీ మబ్బు పడుతోంది. ఆమెన్ కాలవ దగ్గర చెప్పుకుందాం. మా వదిన కొడవలి నేను తెచ్చాను, మీవి మీరు తెచ్చుకోండి. ఇప్పుడే లేవండి!"