కంఠసర్పి వచ్చిన దారి

1987 మే 10
నాకు చదువు రాదు. నేను చెబుతున్నాను, కోడలు వరలక్ష్మి రాస్తోంది. తన మాట ఒక్కటి కలిపినా ఊరుకోనని ముందే చెప్పాను.

మనవరాలు సుభాషిణి హైదరాబాదు నుంచి సెలవుకు వచ్చింది. అక్కడ రీసెర్చ్ లాబ్‌లో పని. భోజనాల దగ్గర నా కొడుకు భూషణం, ఏం పనే నీది అని అడిగాడు. కంఠసర్పి విషం తయారు చేస్తాను నాన్నా అంది. వాడు కలిపిన ముద్ద పళ్లెంలోనే వదిలేసి లేచాడు.

కంఠసర్పి ఈ ఇంటికి ఒకసారి వచ్చింది. నా కూతురు లింగమ్మ గొంతులో తెల్లటి పొర కట్టి, ఊపిరాడక పోయింది. భూషణం అప్పుడు పసివాడు. గడపలో నిలబడి అంతా చూశాడు. అప్పటి నుంచి లింగమ్మే మా ఇంటి పేరంటాలు, మేం కొలిచే దేవత. ఏటా దాని పేరున పసుపు గోడ దగ్గర కొత్త పావడా గుడ్డ పెట్టుకుంటాం.

అదే రోజు, సాయంత్రం
సుభాషిణికి దొడ్లో వేపాకు నీళ్లు పోశాను. దాని చీరలన్నీ కాగులో వేసి ఉడకబెట్టాను. నైలాన్‌వట. ముడుచుకుపోయి పిల్ల పావడాలంత అయ్యాయి. అది ఏడవలేదు, నవ్వింది. మా లాబ్‌లోనూ ఇంతే నాయనమ్మా, బయట పడేసే ముందు అన్నీ ఆవిరిలో ఉడికిస్తాం, చీరలు తప్ప అంది.

మే 11
ఇక వెళ్లేది లేదని భూషణం తేల్చేశాడు. దాని పెట్టె తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. విషం వండేదానికి ఈ ఇంట్లో కూడేంది అని నేనూ అన్నాను. వరలక్ష్మి ఇక్కడ పెన్ను ఆపింది. రాయవే, అన్నానుగా అన్నాను.

మే 13
మిరపకాయలకు తొడిమలు తీస్తూ సుభాషిణిని అడిగాను. చెప్పింది.

విషం ఎట్లా చేయాలో కంఠసర్పి క్రిమికి దాని జీన్ చెబుతుందట. ఆ జీన్‌లో ఒక ముక్క తీసి, మన పేగుల్లో ఉండే సాధు క్రిమిలో పెడతారట. అది తన సొంతమే అనుకొని ఆ ప్రొటీన్ చేసి పెడుతుందట. కోకిల గుడ్డును కాకి పొదిగినట్టా అన్నాను. అంతే నాయనమ్మా అంది. ఆ ముక్క ఒక్కటే అయితే చంపలేదట, కొండి తీసిన తేలు.

మందా అన్నాను. కాదంది. ఎవరికీ ఇవ్వరట. మరెందుకే అన్నాను. ఆ విషం ఒంట్లోని కణం దగ్గరికొచ్చి ఏ తలుపు తడుతుందో, ఎట్లా లోపలికి పోతుందో తెలుసుకోవడానికట.

నా చెయ్యి మిరపకాయల్లోనే ఉండిపోయింది. లింగమ్మ పోయినప్పుడు ఒకరు దిష్టి అన్నారు, ఒకరు గ్రహం అన్నారు, ఒకరు నా ఖర్మ అన్నారు. ఏ దారిన వచ్చిందని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు. అడగొచ్చని నాకు తెలియదు.

మే 14
ఒరేయ్, నీ పత్తికి కొట్టే మందేంది, పానకమా అన్నాను భూషణాన్ని. ఒకసారి చూశానమ్మా, రెండోసారి చూడలేను అన్నాడు.



మే 15
మా ఇంట్లో తెగని తగవు పేరంటాలి ముందు పెడతాం. కాదనేవాడు ఆ గుడ్డ ముట్టుకొని కాదనాలి.

దీపం పెట్టి నా వాదన చెప్పాను. లింగమ్మా, నిన్ను తీసుకుపోయినది ఏ దారిన వచ్చిందో నీ మేనకోడలు వెతుకుతోంది, పోనివ్వాలా వద్దా అన్నాను. భూషణం చెయ్యి చాపాడు. గుడ్డ దాకా వచ్చి ఆ చెయ్యి ఆగిపోయింది. మొలతాడు విప్పి, తాళంచెవి గుడ్డ మీద పెట్టి, పొలం వెళ్లిపోయాడు.

నేనూ వస్తానని సుభాషిణికి చెప్పాను. ఆ విషాన్ని నా కళ్లతో చూడాలి.

జూన్ 2, హైదరాబాదు
ఈసారి నేను చెబుతుంటే సుభాషిణి రాస్తోంది.

లాబ్‌లో చలిపెట్టె, అందులో వేలెడు గాజు సీసా. అడుగున చిటికెడు తెల్లపొడి, ఆ సాధు క్రిమి చేసి పెట్టిందట. ఇంతేనా అన్నాను. ఇంతే అంది. లింగమ్మ గుడ్డ నా కొంగున ముడేసి ఉంది. దణ్ణం పెట్టబోయి చేతులు దించేశాను. దేవుడు కాదు కదా.

ఏ దారిన వచ్చావే అని అడిగాను.

రాసింది చాలు. పెన్ను పెట్టేసి గ్లవ్స్ తొడుక్కోవే.