పొలిమేర ఎక్కడిదాకా

శ్రావణం, శనివారం రాత్రి

రేపు పోచమ్మ బోనాలు. అవి అయ్యాక ఊరి చుట్టూ పొలి, అంటే బలి నెత్తురు కలిపిన అన్నం, చల్లాలి. చల్లిన గీతకు లోపల ఉన్నవాళ్లకు ఏ రోగమూ రాదని మా నమ్మకం. ఏ దారిన చల్లాలో తేల్చడానికి సాయంత్రం ఊరి పెద్దలతో కూర్చున్నాను. అలసట తప్ప ఏమీ మిగల్లేదు. పాత దారి పొడవునా ఫాంహౌసుల గోడలే.

అంతలో ఒక ఫాంహౌసు వాచ్‌మన్ భార్య లక్ష్మి వచ్చింది. వాళ్లది పాలమూరు వైపు. మా ఊరు ఎంకపల్లి చివర, పాత గీతకు అవతల రేకుల గదిలో ఉంటారు. ఆమె పిల్లకు జ్వరం, దవాఖానకు తిప్పుతూనే ఉంది.

"అన్నా, మా రూము గీత లోపటికొస్తదా, బయటనే ఉంటదా?"

పెద్దమనిషి మల్లన్న నవ్వాడు. "మీ సార్‌ను అడుగమ్మా. గోడ జర ఇటు జరుపుతడేమో."

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

"మా ఇంటికొచ్చిన జరం మీ గీత చూసి ఆగుతదా అన్నా?"

మల్లన్న కండువా దులుపుకుని లేచాడు. నేనూ లేచాను.

ఇంటికొచ్చి నిఘంటువు తీశాను. పొలానికి మేర, అంటే హద్దు, అదే పొలిమేర అని ఉంది. అలాగైతే పొలాలు ప్లాట్లయ్యాక మాకు పొలిమేరే లేదు. పొలి ఎంతవరకు చల్లితే అంతవరకే పొలిమేర అనేవాడు మా నాన్న, బాపు. పుస్తకమే నిజమేమో. అయినా ఆ రేకుల కింద పిల్ల...

రేపు పొలి గంప నా నెత్తి మీదే. గంప ఎటు పోతే డప్పులు అటే వస్తాయి. మల్లన్న తిడతాడు. తిట్టనీ.