మీ నాయిన కథలు పోలేదు

ఆమనీ, నైట్ డ్యూటీ నుంచి రాగానే పాత బ్రెయిలీ మిషన్ జోలికి పోకు. చార్జర్ తీస్తే ఆరిపోతుంది. దాని మెమరీ కార్డు పప్పుడబ్బా పక్కన చిన్న గిన్నెలో పెట్టాను. కాపీ ఉంది కదా అని అది చెరిపేయకు.

మాట పడిపోకముందు మీ నాయిన చెబుతుంటే నువ్వు కొట్టిన కథలన్నీ కొత్త మిషన్‌లోకి వచ్చాయి. నిన్న నీ వేళ్లకు పిచ్చి అక్షరాలు తగిలింది ఫైళ్లు చెడిపోయి కాదు. నువ్వు తెలుగులో కొట్టిన బ్రెయిలీ చుక్కల్ని కొత్త మిషన్ ఇంగ్లిషు అనుకుంది. పొద్దున్నే లేచి కంప్యూటర్‌లో భాషను తెలుగుకు మార్చి, అన్నిటినీ మామూలు టెక్స్టుగా చేశాను. "శామీర్‌పేట చెర్వుల నేను తొలిసారి వల ఏసిననాడు" అన్న మాటలు వేలికి తగిలాక నా ప్రాణం కుదుటపడింది.

"అంతా పోయింది. మా నాయిన మల్ల జెప్తడా" అని గడపలో ఏడ్చి ఆటో ఎక్కావు. కట్టుకున్నవాణ్ని, నన్ను ఒక్క మాట అడగాల్సింది. నేనూ ఆ చుక్కలు చదివేవాణ్నే కదా.

మీ నాయినకు జావ తాగించాను. పక్షవాతం మాత్ర మధ్యాహ్నం నువ్వు వెయ్యి. నేను బడికి పోతున్నాను.

సాయినాథ్

ఇంకొకటి. ఆయన మంచం పక్కన కూర్చుని మొదటి కథ చదివాను. పడవ తిరగబడ్డ చోట ఆయన గొంతులోంచి నవ్వు వచ్చింది. అయిపోయాక మంచి చేత్తో నా చెయ్యి పట్టుకుని మళ్లీ మిషన్ మీద పెట్టాడు. నాకు బస్సు టైమైంది. రెండోది నువ్వు చదువు.