ఐసుల వేళ పాట

క్రెమా పట్టణం
1846, కార్నివాల్ రోజులు

నాటకశాల గుత్తేదారు ప్లాచిదో రంజెట్టి గారికి,

నిన్న రాత్రి మీ సంగీత నాటకంలో జరిగినది నాకేమీ నచ్చలేదు. రెండో అంకంలో చిన్న వేషం వేసే ఓర్తెన్సియా బల్దిని పాటకు లేచింది. అది ఐసుల వేళ పాట. ప్రధాన గాయని ఊపిరి పీల్చుకోవాలి, జనం బయటికెళ్లి ఐసు తినాలి, అందుకోసమే అది ఉన్నది. ఏ ఊరి నాటకశాలలో చూసినా ఇదే ఆచారం. ఇక్కడికి బదిలీ అయి వచ్చినప్పటి నుంచీ పోలీసు బాక్సులో కూర్చుని చూస్తూనే ఉన్నాను, ఆ పాట ఎత్తుకోగానే హాలు ఖాళీ. నిన్న నేనూ ఐసుల గదికి వెళ్లాను. నేనూ, ఐసులమ్మే బాప్తిస్తా తప్ప అక్కడ నరపురుగు లేదు. తిరిగొచ్చి తొంగిచూస్తే జనం కుర్చీలకు అతుక్కుపోయి పాట వింటున్నారు!

ఎందుకు వింటున్నారు? అందులో ఏముంది? పాట మాటలు వెంటనే పంపండి. లేదంటే నాటకశాలకు తాళం పడుతుంది.

ఇట్లు,
గౌదెంజియో స్ట్రోబెలే
ఆస్ట్రియా చక్రవర్తి వారి పోలీసు కమిషనరు

తా.క.: కరిగిపోతున్నాయని బాప్తిస్తా గోల పెడుతుంటే నిమ్మకాయ ఐసులు వరసగా తినేశాను. విచారణలో భాగంగానే.

*

మహాఘనత వహించిన కమిషనరు గారికి రంజెట్టి వంగి వంగి రాసుకుంటున్నది.

అయ్యా, ఆ పాటలో ఏమీ లేదు. ఏమీ ఉండకూడదనే రాయించాం. స్వరకర్త కూడా దాన్ని ముట్టుకోలేదు, శిష్యుడి చేత కట్టించాడు. మాటలేమిటో తమరు అడిగేదాకా నాకే తెలియదు. ఆ వేళకు నేనూ ఐసు తినేవాణ్ణే. ఇప్పుడు చదివాను. గొర్రెలు కాచుకునే పిల్ల ఒకతె, తప్పిపోయిన తెల్ల మేకను పిలుస్తూ తెల్లవారేదాకా కూర్చుంటుంది. అంతే. మేక రాదు.

జనాన్ని అడిగితే "ఏం లేదు, కాళ్ల నొప్పులు" అంటున్నారు. ఊరంతటికీ ఒకేసారి కాళ్ల నొప్పులేమిటండీ? నాకూ అనుమానంగానే ఉంది.

తమ దాసుడు,
ప్లాచిదో రంజెట్టి

తా.క.: ఆ రాత్రి ఎదురుగా మొహాలు కనపడేసరికి ఓర్తెన్సియమ్మ బెదిరిపోయి, గౌను కుట్లు ఊడాయేమోనని తడుముకుందట. పాపం, ఇన్నేళ్లూ ఆవిడ పాడింది వీపులకే.

*

రంజెట్టి గారికి,

ఏమీ లేదా! తెల్లవారడం అంటే ఏమిటండీ? ఎవరికి తెల్లవారుతుంది? ఇప్పుడు మా ఏలుబడిలో ఉన్నది చీకటనేగా? తీసేయండి. ఇక తెల్ల మేక అంటే మా సిపాయిలే. వాళ్ల కోట్లు తెల్లనివని పసిపిల్లలకు కూడా తెలుసు. తప్పిపోయిందట, రాలేదట! ఎంత ఆశ! మేక రంగు మార్చండి. ఎరుపూ ఆకుపచ్చా మాత్రం వద్దు, అవి తిరుగుబాటుదార్ల జెండా రంగులు.

నిన్న కూడా ఐసుల గదిలో గుమ్మానికి ఎదురుగా కాపు కాశాను. ఒక్కడూ రాలేదు. హాల్లో మఫ్టీలో కూర్చోబెట్టిన మా పోలీసును "ఏం విన్నావురా?" అంటే, "మేక పాపమండీ" అని ముక్కు చీదాడు. వాణ్ణి బదిలీ చేశాను.

స్ట్రోబెలే

తా.క.: నారింజ ఐసులను కూడా విచారించాను. గొంతు పట్టేసింది. దీని వెనక ఎవరున్నా వదలను.

*

కమిషనరు గారికి నమస్కారాలతో,

తమరు చెప్పినట్టే తెల్లవారుజాము తీసి మధ్యాహ్నం పెట్టాం. మేకకు ఏ రంగు వేసినా ఎవరిదో ఒకరి జెండా అవుతోంది. అందుకని రంగే చెప్పడం మానేశాం. దాంతో కొంప మునిగింది. మేక రంగును పోలీసులు కొట్టేశారని ఊరంతా గుప్పుమంది. మందుల షాపు పెల్లెగ్రినో "అయితే అది మామూలు మేక కాదన్నమాట" అన్నాడు. బాక్సుల్లో అమ్మగార్లు పేకముక్కలు పక్కన పెట్టి మరీ వింటున్నారు. ప్రధాన గాయని అలిగి తలుపేసుకుంది.

రంజెట్టి

తా.క.: మా మెట్లకు ఎవరో మేకను కట్టేసిపోయారు. తమ సిపాయిలు పట్టుకెళ్లారు. అది పాలిచ్చే మేకట, ఇంటివాళ్లు అడుగుతున్నారు.

*

రంజెట్టి,

"గారు" తీసేశాను, గమనించు. ఈ కుట్రకు నాయకురాలు ఓర్తెన్సియా బల్దినీయే. సోమవారం ఆవిడను సరిహద్దు దాటించేస్తాం. ఇక ఈ రాజ్యంలో ఏ నాటకశాలలోనూ ఆవిడ నోరు తెరవకూడదు.

స్ట్రోబెలే

తా.క.: మేకను విడుదల చేశాం. దాని వెనక ఒక పోలీసు నడుస్తున్నాడు.

*

అయ్యా,

నన్ను జైల్లో వేయండి గానీ ఆవిడను వెళ్లగొట్టకండి. ఈ వయసులో ఆవిడ ఎక్కడికి పోతుంది? పాట తప్ప వేరే పని తెలియదు. ఉత్తర్వు చదివి వినిపిస్తే ఏడవనైనా లేదు. "పోనీలెండి ప్లాచిదో గారూ, కొన్నాళ్లయినా నా పాట విన్నారు" అంది. అసలు సంగతి చెప్పమని మా నాటకశాలలో సొంత బాక్సున్న అమ్మగారు దోన్న ఎవులాలియా కాళ్లావేళ్లా పడ్డాను. ఆవిడ అన్న మాటలివి, తప్పయితే మన్నించాలి.

"పాటా, నీ మొహమా! ఆ పోలీసాయన ఐసుల గదిలో తిష్ఠ వేశాడా లేదా? ఆయన ముందు నోరు తెరిస్తే కేసు, మూసుకుంటే అనుమానం. ఐసు గొంతులోకి ఎట్లా దిగుతుందయ్యా? అందుకే లేవలేదు. కూర్చున్నాక చెవులు మూసుకోలేంగా, విన్నాం. బాగానే పాడుతుంది. అయినా ఐసు ఐసే కదా!"

అయ్యా, ఆదివారం తమరు బాక్సులోంచి కదలకండి. ఏం జరుగుతుందో తమరే చూడండి.

రంజెట్టి

తా.క.: ఇది రాశాక పెట్టె సర్దుకున్నాను. అక్కర్లేకపోతే చెప్పండి, విప్పేస్తాను.

*

రంజెట్టి గారికి,

కదల్లేదు. నేను కూర్చునే ఉన్నానని చూడగానే హాలంతా లేచింది. అమ్మగార్లు గౌన్లు ఎత్తిపట్టుకుని పరుగెత్తారు. మందుల షాపువాడు కుర్చీ తన్నేసి పోయాడు. మిగిలింది ఆవిడా నేనూ.

ఆవిడ ఆగలేదు, ఖాళీ కుర్చీలకే పాడింది. ఇదివరకు ఆ పాటప్పుడు నేను జనాన్ని చూసేవాణ్ణి గానీ వేదిక వైపు చూసిందెప్పుడు? మొదటిసారి విన్నాను. మేక రాదని ఆ గొంతుకు తెలుసు, అయినా పిలుస్తూనే ఉంది. నాకు దుఃఖం ఆగలేదు. చప్పట్లు కొట్టబోయి, ఉద్యోగం గుర్తొచ్చి చేతులు కట్టుకున్నాను.

ఉత్తర్వు రద్దు. రేపటి నుంచి ఆ పాట వేళకు నేను ఐసుల గదిలో ఉంటాను, టోపీ పెట్టుకుని, వచ్చేవాళ్లందరికీ కనపడేటట్టు. ఒక్కడు కుర్చీలోంచి లేస్తే ఒట్టు. ఆవిడకు మాత్రం ఈ సంగతి తెలియనివ్వకండి.

ఇట్లు,
గౌదెంజియో స్ట్రోబెలే

తా.క.: ఐసుల గది తలుపు కాస్త ఓరగా తెరిచి ఉంచమనండి. ఇంకేం లేదు, శాంతిభద్రతల కోసం.