చెల్లెలి దగ్గరున్న స్టీలు రేకు

నామఫలకాల దుకాణం నడుపుతూ, అందరిచేతా బోర్డులక్క అని పిలిపించుకునే నేను, యాభై తొమ్మిదో ఏట, తెలివి స్థిమితంగా ఉండగా, ఎవరి బలవంతమూ బోధనా లేకుండా, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. ఇంతకుముందు రాసినవేవైనా ఉంటే అవి చెల్లవు. సోమవారం నాకు ఆపరేషన్. భయం లేదని డాక్టరు అన్నాడు. ఆ మాట కూడా ముందు మా చెల్లెలితో అని, తరువాత నాతో అన్నాడు. దాన్ని చూస్తే అందరికీ మాటలు వాటంతటవే వస్తాయి.

1. దుకాణం, చెక్కే యంత్రం, అక్షరాల పంచ్‌లు నా కూతురికి. లిఫ్టులు బాగుచేసే పిల్ల కాబట్టి పనిముట్టు విలువ తెలుసు. ఎస్ అక్షరం పంచ్ ఎడమకి ఒరుగుతుంది, కుడివైపు నొక్కి కొట్టాలి. అమ్ముకున్నా నాకు అభ్యంతరం లేదు.

2. నిలువుటద్దం మా చెల్లెలికి. వచ్చినప్పుడల్లా దాని ముందే నిలబడేది. అద్దానికి కూడా నాకంటే అదే నచ్చి ఉంటుంది.

3. నా భూతద్దం కూడా చెల్లెలికే. సూదిలో దారం ఎక్కించడానికి ఈ మధ్య మూడు నాలుగుసార్లు తంటాలు పడుతోంది. నేను చూడలేదనుకుంది.

4. నా పేరున ఉన్న బిట్‌కాయిన్, ఈథర్, సరదాకి కొన్న కుక్కబొమ్మ నాణేలు, మూడూ నా కూతురికి చెందాలి. ఇవి కంప్యూటర్లలో నడిచే క్రిప్టో డబ్బు, బ్యాంకులో ఉండవు. మూడింటికీ కలిపి తాళంచెవి ఒకటే: తాళం దాచే చిన్న పరికరం వరుసగా ఇచ్చిన ఇరవై నాలుగు ఇంగ్లిష్ మాటలు. అవి ఎవరి దగ్గరుంటే సొమ్ము వాళ్లది. పోతే దేవుడు దిగివచ్చినా తెరవలేడు. ఫోనులో ఫోటో తీసి పెట్టకూడదు. కాగితమైతే తడుస్తుంది, కాలుతుంది. అందుకని రెండు స్టీలు రేకుల మీద కొట్టాను. రెండూ ఒకే చోట ఉండకూడదు కదా. నమ్మదగిన రెండో ఇల్లు నాకు ఒక్కటే ఉంది, మా చెల్లెలిది. అదీ నా ఖర్మ.

5. ఇక్కడ ఒక తప్పు ఒప్పుకోవాలి. చెల్లెలికిచ్చే రేకు కొడుతుండగా కూతురు ఫోను చేసి, ఉద్యోగం మారుతున్నానని చెప్పింది. "పిన్నికి పోయిన వారమే చెప్పానమ్మా, నీకు చెప్పలేదా?" అంది. కన్నది నేను, కబుర్లు పిన్నికి. అప్పటికి ఏడో మాట దగ్గర ఉన్నాను. ఆ మాటలు పరికరం ఇచ్చినవే, నేను ఎంచుకున్నవి కావు. అయినా ఏడోది, చిన్నప్పుడు అమ్మ మా ఇద్దరికీ కలిపి ఒకటే కొని, చివరికి "చిన్నది కదే, దానికిచ్చెయ్" అని నా చేతిలోంచి తీసి చెల్లెలికిచ్చిన వస్తువు పేరు. మళ్లీ దాని చేతికే ఇవ్వబుద్ధి కాలేదు. ఆ చోట వేరే మాట కొట్టేశాను. ముప్పై ఏళ్ల పనిలో తెలిసి చేసిన తప్పు అదొక్కటే.

6. నా రేకును, అక్షరం తప్పుపడ్డ బోర్డులు పడేసే డబ్బాలో దాచాను. ఆ చెత్తలో దొంగ ఏం వెతుకుతాడని నా అతితెలివి. దుకాణం మార్చేటప్పుడు ఆ డబ్బాను పాత ఇనుము కొనేవాడికి నేనే తూకానికి వేశాను. మొన్న తాళం దాచిన పరికరం పాడయ్యాక గానీ గుర్తు రాలేదు. ఇప్పుడు మిగిలింది చెల్లెలి రేకు ఒక్కటే, అందులో ఏడో మాట అబద్ధం. ఎవరు తవ్విన గోతిలో వాళ్లే పడతారు. వెళ్లి చెప్పేసి దిద్దుకుందామని రెండుసార్లు దాని గుమ్మం దాకా వెళ్లాను. రెండోసారి లోపలినుంచి నా కూతురి నవ్వు వినపడింది. మా ఇంట్లో అంత గట్టిగా ఎప్పుడూ నవ్వలేదు. తిరిగి వచ్చేశాను.

7. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత పక్క దుకాణం తాళాలాయనది. చెల్లెల్ని సాక్షిగా పెడదామనుకున్నాను గానీ, వాటా ఉన్నవాళ్లు పనికిరారట. అది పక్కన లేకుండా నేను సంతకం పెడుతున్న మొదటి కాగితం ఇదే.

8. అసలు మాట ఇక్కడ రాయను, ఈ కాగితం పదిమంది చేతులు మారుతుంది. లెక్కలు తెలిసినవాళ్లు కనిపెట్టి పెడతామన్నా ఆ రేకు చూపించవద్దు. అమ్మాయీ, మీ పిన్ని దగ్గరికి వెళ్లు. అమ్మ మా ఇద్దరికీ ఒకటే కొన్నది ఏమిటని అడుగు. అడగ్గానే చెబుతుంది, ఏడుస్తుంది కూడా. అది తనవల్లే విరిగిందని యాభై ఏళ్లుగా అనుకుంటోంది. విరగ్గొట్టింది నేనని చెప్పు. దానికి దక్కిందన్న కుళ్లుతో విరగ్గొట్టి, మీ పిన్ని నిద్రపోతుంటే పక్కలో పెట్టాను.

తాళం తెరుచుకున్నాక కొత్తగా రెండు రేకులు కొట్టు. ఒకటి నీ దగ్గర ఉంచుకో. రెండోది మళ్లీ మీ పిన్నికే ఇవ్వు, ఈసారి ఏడో మాటతో సహా.

జూన్ పదకొండో తేదీ, గురువారం.

(సంతకం) బోర్డులక్క

సాక్షులు:
1. ఎదురు మందుల షాపావిడ
2. మేడమీది ఫోటో స్టూడియో ఆయన