తోకలకు చోటు

చి. సౌ. పెద్దమ్మాయికి,

నాన్న దీవెనలు. ఇక్కడ నేను, కుంచెలు, నిచ్చెన అందరం కులాసా. మోకాళ్లు మాత్రం అలిగాయి; బతిమాలితే లేస్తున్నాయి. అక్కడ నువ్వు, అల్లుడు, పిల్లలు చల్లగా ఉన్నారని తలుస్తాను.

కవరు మీద ఇంగ్లీషంతా పెద్దక్షరాల్లోనే రాస్తానని, చూస్తే ఎవరో అరిచినట్టుందని రాశావు. ఏం చేయను తల్లీ, బోర్డులు రాసేవాడి చదువు బోర్డు మేరకే. దారానికి సుద్ద పూసి పైనొక గీత, కిందొక గీత కొడితే పెద్దక్షరాలు మధ్యలో బుద్ధిగా నిలబడతాయి. చిన్నవాటికి గీత దాటి పైకి కొమ్ములు, కిందికి తోకలు. వాటి జోలికి పోలేదు.

నువ్వు పంపిన పద్ధతులు గోడకు అంటించాను. వాక్యం మొదట్లో, మనుషుల పేర్లకు, ఊళ్లకు, వారాలకు, నెలలకు పెద్దక్షరం. రుతువులకు అక్కర్లేదట; ఎండాకాలం ఏం పాపం చేసిందో. 'నేను'కు ఎక్కడైనా పెద్దపీట, 'నువ్వు'కు మాత్రం చాప. మన అక్షరాల్లో ఈ తేడా లేదు కాబట్టి సరిపోయింది గానీ, ఉంటే మీ బాబాయి తన గురించి ప్రతి అక్షరమూ పెద్దదే రాసుకునేవాడు.

ఆమధ్య ఆ పద్ధతి ఒక ఇంగ్లీషు బోర్డు మీద ప్రయోగించాను. వీధి మలుపులో బట్టలు కుట్టే ఆవిడ కొత్తగా కొట్టు పెట్టింది. "మొదటిదొక్కటే పెద్దక్షరం. అన్నీ పెద్దవైతే పోలీస్ స్టేషన్‌లా ఉంటుంది" అంది. సాయంత్రం కొట్టు మూశాక రాశాను. అలవాటు కొద్దీ కింది గీత బోర్డు అంచునే కొట్టాను. తోకలకు చోటేదీ? చేయి ఆగక, వాటిని షట్టరు మీదకు దింపేశాను. పొద్దున ఆవిడ షట్టరు ఎత్తగానే తోకలన్నీ లోపలికి చుట్టుకుపోయాయి.

పిలిచి చూపించింది. "కింద మడతకు గుడ్డ వదలకుండా ఎవరైనా లంగా కత్తిరిస్తారా, పెయింటరు గారూ?"

"మా అక్షరాలకు ఇన్నాళ్లూ మడతల్లేవండీ. చెరిపి మళ్లీ రాస్తాను."

"ఉండనీండి. చూసి నవ్వుకుంటూ జనం లోపలికొస్తున్నారు. ఆ నిచ్చెన పక్కన పెట్టి టీ తాగండి."

అప్పట్నుంచి రోజూ అక్కడే టీ.

ఇక అసలు మాట. ఇది రాయలేక రెండు కాగితాలు చింపాను. ఆవిడ కూడా నాలాగే ఒంటరి. మేమిద్దరం పెళ్లి చేసుకుందామనుకుంటున్నాం. మీ అమ్మ చోటు మీ అమ్మదే; అక్కడ ఎవర్నీ కూర్చోబెట్టను. ఊరు నవ్వితే నవ్వనీ, నువ్వు నొచ్చుకుంటే మాత్రం నాకు ముద్ద దిగదు. వద్దంటే ఆ మాట ఇక ఎత్తను. ఆవిడా అదే అంది: "మీ అమ్మాయి సరేనంటేనే."

నిదానంగా ఆలోచించుకునే రాయి. నా పెళ్లి చొక్కాకు గుడ్డ కత్తిరించి మిషను పక్కన పెట్టింది, నీ జవాబు వచ్చాకే కుడుతుందట. నాతో తొందరేం లేదంటూనే, పోస్టు వచ్చే వేళకు పని ఆపి గుమ్మంలోకి వచ్చి నిలబడుతోంది.

ఇట్లు,
నీ మాట కోసం చూసే
మీ నాన్న